తక్కువ తిరిగిన బండా, బాగా చూసుకున్న బండా?

మీరు అడిగింది ఇదీ. బండి నడపడం ఈమధ్యే నేర్చుకున్నారు, మొదటిది సెకండ్ హ్యాండ్‌లోనే తీసుకుందామనుకున్నారు. ఒకే మోడల్‌వి రెండు బండ్లు చూశారు, రెండూ 6 ఏళ్లవే. ఒకటి 4,000 కిలోమీటర్లే తిరిగింది, షెడ్డులోనే ఉంది, పెయింటు మెరుస్తోంది. రెండోది 31,000 తిరిగింది, ట్యాంకు మీద గీతలున్నాయి, కానీ సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి. మొదటిదానికి ఎక్కువ అడుగుతున్నారు. మీ మనసు దాని మీదే ఉంది, అయినా అడ్వాన్స్ ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది.

సూటిగా చెబుతాను. నేనైతే రెండో బండి వైపే మొగ్గుతాను. వేళకు ఆయిల్ మార్చుకుంటూ వచ్చి ఉంటే, మామూలు ఫోర్ స్ట్రోక్ ఇంజనుకు 31,000 కిలోమీటర్లు పెద్ద లెక్క కాదు. మొదటి బండిని అసలు కొనొద్దని కూడా అనను. దానికి ఎక్కువ ఇవ్వడమే వద్దంటాను. నిజానికి అది తక్కువకు రావాల్సిన బండి.

నేను టూ వీలర్ రిపేరు పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. కొనేముందు ఒకసారి చూసిపెట్టమని బండి తెచ్చేవాళ్లలో ఎక్కువమంది మీలాంటి కొత్తవాళ్లే. వాళ్లు మొదట చూసేది మీటరు, తర్వాత పెయింటు. నేను ఆ రెండూ ఆఖర్న చూస్తాను.

నిలబడిపోయిన బండి సంగతి

6 ఏళ్లకు 4,000 అంటే నెలకు 55 కిలోమీటర్లు. ఆరేళ్లపాటు ఒకే తీరుగా అంత తక్కువ తిప్పేవాళ్లు అరుదు. ఎక్కువ కేసుల్లో జరిగేది ఏమిటంటే, మొదటి ఏడాది మోజు మీద మూడు వేలో మూడున్నర వేలో తిప్పుతారు, తర్వాత బండి మూలన పడుతుంది. కాబట్టి అమ్మే ఆయన్ను "ఎంత తిరిగింది?" అని కాదు, "ఎప్పటినుంచి నిలబడి ఉంది?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఆయన ముఖం ఎలా మారుతుందో కూడా చూడండి.

బండి తిరిగితే అరిగేవి వేరు, తిరక్కపోతే పాడయ్యేవి వేరు. తిరిగితే అరిగేవి ఏమిటో మనకు తెలుసు: చెయిన్, స్ప్రాకెట్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేట్లు, టైర్లు. వాటిని కంటితోనో చేత్తోనో పట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. నిలబడితే పాడయ్యేవి మాత్రం లోపల ఉంటాయి. కొన్ని వారాలు నడిపాక గానీ బయటపడవు.

అన్నిటికంటే ముందు పెట్రోలు. నెలల తరబడి కదలకుండా ఉంటే అందులో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది జిగురుగా మారుతుంది. కార్బొరేటర్ బండైతే ఆ జిగురు మొదట పైలట్ జెట్‌లో, అంటే ఐడిల్‌కు పెట్రోలు పంపే సన్నటి గొట్టంలో, పేరుకుంటుంది. దాని రంధ్రం చాలా సన్నం, కొంచెం పట్టినా చాలు. అప్పుడు బండి స్టార్ట్ అవుతుంది కానీ ఐడిల్‌లో నిలవదు, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను కూడా పీల్చుకుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే, ఇనుప ట్యాంకు లోపలి గోడకు తుప్పు మొదలవుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి కదా, మనకు భయం లేదు అనుకోవద్దు. చాలా బండ్లకు పంపు ట్యాంకులోనే ఉంటుంది. ఆ తుప్పు ముందు ఫిల్టరును మూసేస్తుంది, దాటిపోయింది ఇంజెక్టరులో పడుతుంది.

ఒకబ్బాయి ఇలాంటి బండే కొనుక్కుని తెచ్చాడు. బయట ట్యాంకు మీద ఒక్క గీత లేదు. మూత తీసి టార్చి వేశాను. పెట్రోలు మట్టానికి పైన గోడంతా కాషాయం రంగు పొర. గోటితో గీరితే పెచ్చులు రాలి కింద పడ్డాయి. వచ్చే వాసన పెట్రోలుది కాదు, పాత వార్నిష్‌ది. కార్బొరేటర్ కింది గిన్నె విప్పితే అడుగున ఆకుపచ్చ జిగురు గట్టిపడి ఉంది, స్క్రూడ్రైవర్ మొన ఆనితే గాజుపెంకులా విరిగింది. ట్యాంకు శుభ్రం చేయడం, కార్బొరేటర్, బ్యాటరీ, రెండు టైర్లు, ముందు బ్రేకు, అన్నీ అయ్యేసరికి బాగా తిరిగిన బండి కొన్నా అతని చేతిలో డబ్బు మిగిలేది. ఇంజన్ మాత్రం నిజంగానే కొత్తదిలా ఉంది, అదొక్కటే ఊరట.

అందుకే చెబుతున్నా, ట్యాంకు మూత తీయకుండా ఏ బండినీ కొనొద్దు. ఫోన్ టార్చి చాలు. వాసన చూడండి, లోపలి గోడలు చూడండి. అమ్మే ఆయన "తాళం ఎక్కడో ఉందండి" అంటే, ఆ తాళం దొరికాకే మాట్లాడదామనండి.

ఆ తర్వాత టైర్లు. గాట్లు నిండుగా ఉన్నాయి, ఇంకా చాలాకాలం వస్తాయి అంటారు. గాట్లు కాదు, వయసు చూడాలి. టైరు పక్కగోడ మీద డాట్ అనే ఇంగ్లిష్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివర నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఒకవైపు కనిపించకపోతే రెండోవైపు చూడండి. రబ్బరు ఏళ్ల తరబడి ఎండి గట్టిపడితే గాట్లు ఎంత ఉన్నా తడి రోడ్డు మీద పట్టు ఉండదు. కొత్తగా నడిపేవాళ్లకు ఇది మామూలు విషయం కాదు. గాట్ల మధ్య సన్నటి పగుళ్లు కనిపిస్తే ఇంకేం ఆలోచించకుండా రెండు కొత్త టైర్ల ధర బేరంలో తగ్గించమనండి. ఇంకొక పరీక్ష కూడా దీంతోనే అయిపోతుంది. 4,000 కిలోమీటర్లు తిరిగిన బండికి కంపెనీ నుంచి వచ్చిన టైర్లే ఉండాలి. టైరు తేదీ బండి తయారైన తేదీకి రెండు మూడేళ్ల తర్వాతది అయితే, అంత తక్కువకే టైరు ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఆయనే చెప్పాలి.

బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చేదే. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్చేది ఇందుకే. హ్యాండిల్ మీద ఉండే చిన్న డబ్బా కిటికీలోంచి చూడండి. లేత పసుపులో ఉంటే సరే. టీ డికాక్షన్ రంగులో ఉంటే ఎవరూ ముట్టుకోలేదని అర్థం. అలాంటిచోట ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్ పిస్టన్ కూడా బిగుసుకుని ఉండే అవకాశం ఉంది. బండిని స్టాండు వేసి ముందు చక్రం లేపి, బ్రేక్ పట్టి వదిలి చేత్తో తిప్పండి. ప్యాడ్ కొంచెం రాసుకునే చప్పుడు మామూలే. చక్రం రెండు మూడు చుట్లు కూడా తిరక్కుండా ఆగిపోతుంటే మామూలు కాదు.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పను, అది మారేదే. మల్టీమీటర్ ఉంటే ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల చుట్టుపక్కల, ఇంజన్ రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. రెండో అంకె రాకపోతే గొడవ బ్యాటరీతో కాదు, చార్జింగ్‌తో. అది ఖర్చు.

ఇంకొకటి, నవ్వుకోవద్దు: ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పించి చూడండి. షెడ్డులో నిలబడిన బండ్లలో ఎలుకలు గూడు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. గూడు తీసేయొచ్చు కానీ, అక్కడికి వచ్చిన ఎలుక వైరింగును వదిలిపెట్టదు.

నిలబడిన బండ్లన్నీ ఇంతేనా అంటే కాదు. "పక్కన పెట్టేముందు కార్బొరేటర్ ఖాళీ చేశాను, బ్యాటరీ విప్పి అప్పుడప్పుడు చార్జింగ్ పెట్టాను, టైర్ల మీద బరువు తగ్గేలా సెంటర్ స్టాండు మీద ఉంచాను" అని మీరు అడక్కముందే చెప్పే మనిషి దగ్గరైతే ధైర్యంగా కొనుక్కోవచ్చు. అలాంటివాళ్లు ఉన్నారు, తక్కువమందే. "అప్పుడప్పుడు స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఉంచేవాణ్ని" అన్న మాటకు మాత్రం మార్కులు వేయకండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపితే లోపల చేరిన తేమ ఆవిరవ్వదు, ఆయిల్‌లోనే ఉండిపోతుంది.

మీటరును ఎంతవరకు నమ్మాలి

కేబుల్ మీటర్లు వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. డిజిటల్ మీటర్లను కూడా మార్చేస్తారు, లేదా మొత్తం కన్సోలే వేరేది బిగిస్తారు. కాబట్టి మీటరు చెప్పిన అంకెను బండి మిగతా భాగాలు ఒప్పుకుంటున్నాయా లేదా చూసుకోండి. బ్రేక్ పెడల్, గేర్ లివర్, ఫుట్ రెస్ట్ రబ్బర్లు, హ్యాండిల్ గ్రిప్పులు, తాళంచెవి గాట్లు, తాళం రంధ్రం చుట్టూ గీతలు, ఇవి అబద్ధం చెప్పవు. డిస్క్ మీద వేలు పెట్టి మధ్య నుంచి అంచు దాకా జరపండి. ప్యాడ్ రాసుకునే చోటు లోతుగా, అంచు మెట్టులా తగిలితే అది 4,000 కిలోమీటర్ల డిస్క్ కాదు. కనీస మందం ఎంత ఉండాలో సాధారణంగా డిస్క్ మీదే చెక్కి ఉంటుంది.

రబ్బర్లన్నీ కొత్తవి, గ్రిప్పులు కొత్తవి, మిగతా బండి పాతది అయితే, అమ్మే ఆయన మీకంటే ముందే ఈ లిస్టు చదివాడన్నమాట.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి

ఈ సమాధానంలో మీకు ఒక్కటే గుర్తుంటే చాలు అనుకుంటే, అది ఇదే. వెళ్తున్నానని ముందే చెప్పి, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని మాట తీసుకోండి. వెళ్లగానే పలకరింపుల కంటే ముందు ఇంజన్ పక్కన చెయ్యి పెట్టండి. ముట్టుకోనక్కర్లేదు, దగ్గర పెడితే తెలుస్తుంది. సైలెన్సర్ గొట్టం ఇంజన్‌తో కలిసే చోట వెచ్చగా ఉంటే ఆయన మీరు రాకముందే వేడి చేశాడు.

ఎందుకు చేస్తారు? బండిలో ఉన్న చాలా రోగాలు మొదటి నిమిషంలోనే పలుకుతాయి కాబట్టి. స్టార్ట్ అవ్వడానికి ఎంతసేపు తీసుకుంది, ఐడిల్ నిలిచిందా, ఇంజన్ లోపలి టైమింగ్ చెయిన్ గొలుసు రాసినట్టు చప్పుడు చేసి ఆయిల్ పైకి ఎక్కగానే ఆగిందా, ఆగలేదా, పొగ ఏ రంగులో వచ్చింది, ఇవన్నీ వేడెక్కిన ఇంజన్‌లో దాక్కుంటాయి.

పొగ గురించి కొత్తవాళ్లు కంగారుపడతారు. చల్లటి ఉదయం మొదటి నిమిషంలో తెల్లటి ఆవిరి, సైలెన్సర్ చివర నీటి చుక్కలు వస్తే భయపడనక్కర్లేదు, అది తేమ. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, అదీ కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉండే బండైతే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) మీద అనుమానపడాలి. నల్లపొగ అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, చాలాసార్లు సర్దుబాటుతో పోతుంది. నీలంపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. అందులో ఇంకో తేడా ఉంది. రాత్రంతా ఆగి, పొద్దున స్టార్ట్ చేయగానే ఒకసారి గుప్పుమని వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయి ఉండొచ్చు. రేజ్ చేసిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు చూడాలి. రెండోది పెద్ద పని.

ఇంజన్ నడుస్తుండగా ఆయన పక్కన నిలబడి ఊరికే యాక్సిలరేటర్ తిప్పుతుంటే "వదిలేయండి, ఐడిల్‌లో వినాలి" అని చెప్పండి. రేజ్ శబ్దంలో ఏదీ వినపడదు. ఆ సంగతి అమ్మేవాళ్లకూ తెలుసు. తర్వాత ఆపి, ఆయిల్ నింపే మూత విప్పి లోపలి వైపు చూడండి. ఆయిల్ నల్లగా ఉండటం తప్పు కాదు, నడిచిన ఆయిల్ నల్లబడుతుంది. మూతకు మీగడలాంటి తెల్లటి నురగ అంటుకుని ఉంటే మాత్రం ఆయిల్‌లో నీళ్లు చేరాయి. చిన్న చిన్న దూరాలే తిరిగిన బండికి కొంచెం ఉండొచ్చు. కూలెంట్ తగ్గుతూ, నురగ కూడా ఎక్కువగా ఉంటే ఆ బండి జోలికి పోవద్దు.

పడిన బండి ఎలా తెలుస్తుంది

నిలబెట్టిన చోట జారి పక్కకు ఒరిగిన బండికీ, యాక్సిడెంట్ అయిన బండికీ తేడా ఉంది. మొదటిది దాదాపు ప్రతి బండికీ ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. లివర్ చివర, హ్యాండిల్ చివర, ఫుట్ రెస్ట్ చివర గీసుకుపోతాయి, అంతే. ఆ గీతలు ఉంచేసి అమ్మే మనిషిని నేను ఎక్కువ నమ్ముతాను.

ఒకసారి ఒక బండి చూసినప్పుడు ఎడమ క్లచ్ లివర్ రంగు వెలిసి ఉంది, కుడి బ్రేక్ లివర్ కొత్తగా నిగనిగలాడుతోంది. కుడి అద్దం కొత్తది, కుడి ఇండికేటర్ ప్లాస్టిక్ ఎడమదానికంటే కొంచెం ముదురు రంగు. అంటే కుడివైపు గట్టిగానే పడింది. అప్పుడు హ్యాండిల్ పూర్తిగా తిప్పి, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలు) ఫ్రేమ్‌కు ఆగే చోట ఉండే స్టాపర్ చూశాను. ఒకవైపు నలిగి ఉంది. కొన్న ఆయనకు పక్కకు పిలిచి చెప్పాల్సి వచ్చింది, అప్పటికే డబ్బు ఇచ్చేశాడు పాపం.

మీరు కూడా అదే చూడండి. రెండువైపులా పోల్చండి, తేడా ఉందా అన్నదే ప్రశ్న. స్టాపర్ నలిగిందా, హెడ్‌లైట్ వెనక ఫ్రేమ్ వెల్డింగుల దగ్గర పెయింటు ముడతపడిందా, లేదా అక్కడ మాత్రమే కొత్త పెయింటు ఉందా? ఫోర్క్ గొట్టాలను ముందు నుంచి, పక్క నుంచి ఒక కన్ను మూసి చూడండి, రెండూ ఒకే గీతలో ఉండాలి. వెనక నిలబడి రెండు చక్రాలు ఒకే వరుసలో ఉన్నాయా చూడండి. ఫ్రేమ్ దెబ్బతిన్న బండి ఎంత చౌకగా వచ్చినా మొదటి బండిగా వద్దు. నేరుగా వెళ్లని బండి మీద నడపడం నేర్చుకుంటే, తప్పు మీదో బండిదో ఎప్పటికీ తెలీదు.

చేత్తో పట్టుకుని చూసేవి

సెంటర్ స్టాండు ఉంటే ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను రెండు వేళ్లతో మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడు ఏదో గాడిలో పడినట్టు తగిలి ఆగితే, కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, పోయింది. రోడ్డు మీద బండి నేరుగా వెళ్తున్నట్టే ఉంటుంది కానీ నెమ్మదిగా వెళ్లేటప్పుడు చిన్నగా ఊగుతుంది. కొత్తవాళ్లు అది తమ బ్యాలెన్స్ లోపమనుకుంటారు.

ఫోర్క్ గొట్టాల మెరిసే భాగం మీద వేలు జరపండి. నూనె తడి ఉంటే సీళ్లు పోయాయి. గరుకుగా తుప్పు చుక్కలు తగిలితే కొత్త సీళ్లు వేసినా ఎక్కువ రోజులు ఆగవు.

చెయిన్‌ను వెనక స్ప్రాకెట్ మీద, చక్రానికి పూర్తిగా వెనకవైపు పట్టుకుని బయటికి లాగండి. పన్ను సగానికి మించి కనపడితే దాని పని అయిపోయింది. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపుకు వంగి కొక్కెంలా మారి ఉంటే చెయిన్ ఒక్కటే మారిస్తే లాభం లేదు, మొత్తం సెట్ మార్చాలి. మీ రెండో బండికి ఇది వచ్చే ఖర్చే, బిల్లుల్లో ఎప్పుడు మార్చారో వెతకండి. ఇక స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే భాగం: వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపండి, కదలకూడదు.

టెస్ట్ రైడ్

మీరు కొత్తవాళ్లు కాబట్టి, మొహమాటపడకుండా చాలాకాలంగా నడుపుతున్న ఎవరినైనా వెంట తీసుకెళ్లండి. ముందు వాళ్లు నడపాలి, తర్వాత మీరు. నేర్చుకునే రోజుల్లో బండి ఎలా ఉన్నా "ఇది ఇంతేనేమో" అనిపిస్తుంది. పోల్చుకోవడానికి మీ దగ్గర ఇంకొకటి లేదు.

నడిపేవాళ్లు చూడాల్సినవి మూడు. పెద్ద గేరులో తక్కువ స్పీడులో ఉండి ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తే, ఇంజన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. రెండో గేరులో గట్టిగా లాగించినప్పుడు గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారితే గేర్ బాక్సు విప్పాలి, అంటే దాదాపు ఇంజన్ మొత్తం విప్పినట్టే. ఖాళీ రోడ్డు మీద ముందు బ్రేక్ మెల్లగా పట్టినప్పుడు లివర్ చేతిలో కొట్టుకుంటుంటే డిస్క్ వంకరపోయింది. టెస్ట్ రైడ్ అసలు ఇవ్వనంటే ఆయన భయం కూడా అర్థం చేసుకోండి, బండి తీసుకుని పారిపోయినవాళ్లు ఉన్నారు. డబ్బు మొత్తం ఆయన చేతిలో పెట్టి, లేదా మీ గుర్తింపు కార్డు, మీరు వచ్చిన బండి అక్కడే ఉంచి అడగండి. అప్పుడు కూడా కాదంటే వెనక్కి వచ్చేయడమే.

కాగితాలు

క్లుప్తంగా: కాగితం మీద ఉన్న పేరు, మీ ఎదురుగా ఉన్న మనిషి పేరు ఒకటే కావాలి. "మా ఫ్రెండుది, ఆయన ఊళ్లో లేడు" అంటే ఆయన వచ్చాకే. బండి మీద అప్పు తీరిందని అప్పిచ్చినవాళ్ల నుంచి రాతపూర్వకంగా కావాలి. ఫ్రేమ్ నంబరు, ఇంజన్ నంబరు కాగితంతో అక్షరం అక్షరం సరిచూడండి. విన్ (బండికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఉన్న బండైతే ఆ నంబరులో 17 అంకెలు, అక్షరాలు ఉంటాయి. అందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, ఒకటి, సున్నాతో పొరపాటు పడకుండా. చెక్కిన చోట గీకినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే ధర మాట కూడా ఎత్తకుండా వచ్చేయండి.

మీరు అడగనివి రెండు

బండి మీద కూర్చుంటే రెండు పాదాలు నేలకు ఎంతవరకు ఆనుతున్నాయో రాయలేదు. మొదటి ఏడాది మీరు పడేది ఎక్కువగా స్పీడులో కాదు, ఆగేటప్పుడూ, పార్కింగులో వెనక్కి నెట్టేటప్పుడూ. ఇంజన్ ఆపి, సీటు మీద కూర్చుని, చదునైన చోట ఒక పది అడుగులు వెనక్కి నెట్టి చూడండి. ఆయాసం వస్తే ఆ బండి మీకు బరువే, ఫొటోలో ఎంత బాగున్నా. ఒకే మోడల్ అయినా ఒకదానికి ఏబీఎస్ ఉండి రెండోదానికి లేకపోవచ్చు, అదీ సరిచూసుకోండి. కొత్తవాళ్లు భయంలో బ్రేకును పిసికేస్తారు. అక్కడ చక్రం లాక్ కాకుండా ఆపేది అదే. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి, బండి కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పోయిందనుకోకండి, తీసేసి ఉండొచ్చు.

రెండోది హెల్మెట్. "బండితో పాటు నా హెల్మెట్ కూడా ఇచ్చేస్తాను" అంటే థ్యాంక్స్ చెప్పి అక్కడే వదిలేయండి. లోపల ఉండే థర్మాకోల్ పొర ఒకసారి గట్టి దెబ్బకు నలిగిందంటే మళ్లీ రెండోసారి కాపాడదు. అది నలిగిందో లేదో బయటికి కనపడదు. డబ్బంతా బండి మీదే పెట్టేసి హెల్మెట్ తర్వాత చూద్దామనుకునేవాళ్లే ఎక్కువ. ముందు హెల్మెట్, గ్లవ్స్ డబ్బులు పక్కన తీసిపెట్టి, మిగిలినదాంట్లో బండి చూడండి.

బేరం

"కొంచెం తగ్గించండి" అంటే ఎవరూ తగ్గించరు. మీరు చూసిన లోపాలు కాగితం మీద రాసి, వాటి పక్కన పార్టు ధర, మజూరీ మెకానిక్‌ను అడిగి వేసుకోండి. మొదటి బండికి ఆ కాగితం ఇలా ఉంటుందని నా అంచనా: రెండు టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ఆయిల్, ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, ట్యాంకు, కార్బొరేటర్ లేదా ఇంజెక్టర్ శుభ్రం చేయడం, కాలిపర్ సర్వీసు. ఆ మొత్తం తీసేశాక కూడా ఆయన ఒప్పుకుంటే, ఇంజన్, ఫ్రేమ్ బాగుంటే, అప్పుడు మొదటి బండి కూడా మంచి బేరమే. రెండోదానికైతే చెయిన్ సెట్, బహుశా క్లచ్ ప్లేట్లు, ఒకసారి ట్యాపెట్స్ (వాల్వుల గ్యాప్) చూపించడం.

ఏది కొన్నా, తెచ్చుకున్న మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టరు, బ్రేక్ ఆయిల్ మార్పించండి. ఆ మనిషి నిన్ననే మార్చానన్నా సరే. టైర్లలో గాలి బండి పుస్తకంలో రాసినంత పెట్టించండి, చూపుకు సరిపోయినంత కాదు.

ఇప్పటికి మీరు పెట్టిన ఫొటోలు ట్యాంకువీ మీటరువీ మాత్రమే, వాటితో నేను ఇంతకంటే చెప్పలేను. రెండో బండి వెనక స్ప్రాకెట్ పళ్లు దగ్గరగా ఒకటి, మొదటి బండి టైరు మీద తేదీ ఒకటి, మూత తీసిన ట్యాంకు లోపల ఒకటి తీసి పెట్టండి. బిల్లుల్లో ఆఖరి రెండిటి ఫొటో కూడా, పేర్లు, నంబర్లు చెరిపేసి. చూసి చెబుతాను.